ఢిల్లీ పరిసరాల నీరు నిలిచే బంకనేలలు

జాతీయ రాజధాని ప్రాంతంలో యమునకు ఇరువైపులా ఉన్న పల్లాల్లో, ఆరావళి గుట్టలకు పడమటనున్న లోతట్టుల్లో వాననీరు త్వరగా ఇంకదు, త్వరగా పారిపోదు. అక్కడి మట్టి సన్నని బంకమన్ను. వర్షాకాలంలో వారాల తరబడి నీటిలో నాని ఉంటుంది, వేసవిలో గట్టిపడి పగుళ్ళిస్తుంది. రంగు, రసాయన గుణం, పెరిగే చెట్టు, పేరుకునే ఉప్పు అన్నీ ఈ తడి పొడి వంతులను బట్టే ఏర్పడతాయి. ఒకప్పుడు ఈ నేలల మీద మోదుగ, నల్లతుమ్మ వనాలు, రెల్లు, జమ్ము దుబ్బులు ఉండేవి. సాగునీటి కాలువలు, మురుగు కాలువలు, నగర విస్తరణ వాటిలో చాలా భాగాన్ని మార్చేశాయి. మిగిలినవి సూరజ్‌పూర్, సుల్తాన్‌పూర్, యమునా తీరపు వనాల వంటి చోట్ల కనిపిస్తాయి.

ఉనికి

ఢిల్లీ విస్తీర్ణం 1,483 చదరపు కిలోమీటర్లు. 19వ శతాబ్దపు రెవెన్యూ సెటిల్‌మెంట్లు ఈ భూమిని స్థానికుల లెక్క ప్రకారమే విభజించాయి. నది ఏటా ముంచెత్తే కొత్త ఒండ్రు ఖాదర్. వరద అందని పాత ఒండ్రు మెరక బాంగర్. నజఫ్‌గఢ్ వైపు నీరు చేరి నిలిచే పల్లం డాబర్. రాతి గుట్టల భాగం కోహీ. మట్టి గుణాన్ని బట్టి రైతులు ఇసుక నేలను భూర్ అనీ, గరప నేలను రౌస్లీ అనీ, గట్టి బంకనేలను డాకర్ అనీ అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా డాబర్ పల్లాల్లోనూ, ఖాదర్‌లో నదికి దూరంగా ఉన్న గుంటల్లోనూ కనిపించే డాకర్ మట్టి గురించి.

ఇలాంటి నేలలు ఢిల్లీ సరిహద్దుతో ఆగవు. ఉత్తరాన కరనాల్ మీదుగా పడమటి యమునా కాలువ వెంట, దక్షిణాన గురుగ్రామ్ జిల్లాలోని సుల్తాన్‌పూర్ చుట్టూ, తూర్పున గౌతమబుద్ధ నగర్ జిల్లాలోని సూరజ్‌పూర్ వద్ద ఇవి మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. వంద మీటర్ల దూరంలోనే గరప నేల బంకగా మారడం ఇక్కడ సాధారణం. భూమి ఎత్తులో అడుగో రెండడుగులో తేడా ఉన్నా, ఒక పొలంలో గోధుమ పండుతుంది, పక్క పొలంలో నీరు నిలిచి విత్తనం కుళ్ళుతుంది.

పుట్టుక

ఈ బంకమన్ను మూలం హిమాలయాల్లో ఉంది. యమున బందర్‌పూంఛ్ పర్వతాల వద్ద యమునోత్రి హిమానీనదంలో పుట్టి, 1,376 కిలోమీటర్లు ప్రవహించి ప్రయాగ్‌రాజ్ వద్ద గంగలో కలుస్తుంది. కొండ మీద కదిలే మంచు తన అడుగున ఇరుక్కున్న రాళ్ళతో పడకరాయిని రుద్ది, రాతిపిండిగా మారుస్తుంది. ఆ పిండికి కొండచరియలు జారిన మట్టి, వానలు కోసుకొచ్చిన మట్టి తోడవుతాయి. ఏరు ఇదంతా మైదానానికి మోసుకొస్తుంది. యమున ఒడ్డున గుప్పెడు ఇసుక తీసి చూస్తే మెరిసే అభ్రకపు రేకులు ఆ కొండరాళ్ళ ఆనవాళ్ళే.

ప్రవాహం మట్టిని జల్లెడ పట్టినట్టు వేరు చేస్తుంది. వరద గట్టు దాటిన క్షణాన వేగం తగ్గి బరువైన ఇసుక నది పక్కనే పడిపోతుంది. కాస్త ముందుకు వండు దిగుతుంది. చివరికి నిశ్చలంగా ఉన్న గుంటల్లో, వదిలేసిన పాత నదీపాయల్లో 0.002 మిల్లీమీటర్ల కంటే సన్నని బంకరేణువులు రోజుల తరబడి నెమ్మదిగా దిగుతాయి. ఏటా ఒక పలచని పొర చొప్పున వేల ఏళ్ళు ఇలా పేరుకుంటే బంకనేల సిద్ధమవుతుంది. ఆరావళి గుట్టలకు పడమట పరిస్థితి వేరు. రాజస్థాన్ వైపు నుంచి వచ్చే సాహిబీ నది తెచ్చిన సన్నమట్టి నజఫ్‌గఢ్ పల్లంలో దిగింది. గుట్టల దగ్గర ఒండ్రు పలుచన. పడమట, ఉత్తరాన కొన్నిచోట్ల దాని మందం 300 మీటర్లు దాటుతుంది.

బంకలో ప్రధాన ఖనిజం అభ్రకం నుంచి వచ్చిన ఇల్లైట్. దానితోపాటు క్లోరైట్, కొంత స్మెక్టైట్ ఉంటాయి. దక్కన్ నల్లరేగడిలో స్మెక్టైట్ ఎక్కువ కాబట్టి అది తడిస్తే బాగా ఉబ్బుతుంది, ఎండితే నిలువు లోతున నోళ్ళు తెరుస్తుంది. ఢిల్లీ డాకర్ నేల కూడా బీటలిస్తుంది గాని, రేగడి అంత ఉద్ధృతంగా కదలదు.

హిమానీ మట్టి మీది అటవీ నేలలతో పోలిక

నీరు నిలిచే బంక అటవీ నేల అనగానే మృత్తికా శాస్త్రంలో ముందుగా తలచేది ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాల్లో మంచు పలకలు వదిలి వెళ్ళిన మట్టి మీది నేలలను. ఆ మట్టిని టిల్ అంటారు. మంచు జల్లెడ పట్టదు. బండరాయి, గులకరాయి, ఇసుక, వండు, బంక అన్నిటినీ కలగలిపి ఒక్కచోట వదిలేస్తుంది. పైగా కిలోమీటర్ల మందాన ఉన్న మంచు బరువుకు అడుగు మట్టి గట్టిగా నొక్కుకుపోతుంది. నీరు ఆ గట్టి పొర దాటి దిగలేక పైనే నిలుస్తుంది.

ఒహాయో రాష్ట్రంలోని హోయిట్‌విల్ నేల దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. పూర్వపు సరస్సు అలలు చదును చేసిన బంక టిల్ మీద అది ఏర్పడింది. దాని మీద ఎల్మ్, యాష్ చెట్లతో దట్టమైన బురద అడవి ఉండేది. గ్రేట్ బ్లాక్ స్వాంప్ అని పిలిచిన ఆ అడవిని 19వ శతాబ్దం రెండో సగంలో నరికి, నేలలో మట్టి గొట్టాలు పరిచి నీరు తోడేసి మొక్కజొన్న పొలాలుగా మార్చారు. ఆ గొట్టాల గుండా, పొలాల మీదుగా ఎరువుల భాస్వరం మౌమీ నదిలోకి, అక్కణ్ణుంచి ఈరీ సరస్సులోకి చేరి నాచు విపరీతంగా పెరిగింది. 2014 ఆగస్టులో టొలెడో నగరంలో సుమారు 5 లక్షల మంది కొళాయి నీరు తాగవద్దన్న హెచ్చరికను ఎదుర్కొన్నారు. నేల నుంచి నీటిని తరిమేస్తే ఆ నీటి సమస్య పోదు, దిగువ వారి దగ్గరికి వెళ్తుంది.

గత మంచుయుగంలో మంచు ఢిల్లీ మైదానానికి దిగలేదు. హిమాలయ హిమానీనదాలు కొండల లోపలే ఆగాయి. అయితే భారత భూభాగంలో అంతకు ఎంతో ప్రాచీనమైన టిల్ ఉంది. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట గోండ్వానా ఖండం మీద పరచుకున్న మంచు వదిలిన తాల్చేర్ శిలలు ఒడిశాలోనూ, ప్రాణహిత–గోదావరి లోయలోనూ ఉన్నాయి. తాల్చేర్ గుండ్రాళ్ళ పొరల్లో మంచు పాత్రను భూగర్భ శాస్త్రజ్ఞులు బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ 1856లో గుర్తించారు. చంద్రపూర్ దగ్గర ఇరై వద్ద సున్నపురాతి మీద మంచు గీసిన గీతలు నేటికీ ఉన్నాయి. తెలంగాణ బొగ్గుపొరల కింద ఉన్నది ఆ మంచుకాలపు మట్టే. అది ఎప్పుడో రాయిగా మారింది కాబట్టి ఒహాయోలోలా మెత్తని నేలకు తల్లిమట్టి కాలేదు.

ఒహాయో నేలకూ ఢిల్లీ డాకర్‌కూ పుట్టుక వేరైనా నీరు నిలవడం వల్ల వచ్చే లక్షణాలు ఒకటే. తేడా నీరు నిలిచే కాలంలో ఉంది. ఒహాయోలో నేల శీతాకాలం చివర, వసంతంలో తడుస్తుంది. అప్పుడు చలికి సూక్ష్మజీవులు మందకొడిగా ఉంటాయి. ఢిల్లీలో నేల నానేది జూలై–సెప్టెంబరు ఉక్కలో. సూక్ష్మజీవులు అప్పుడే ఉరకలేస్తాయి కాబట్టి మట్టిలోని గాలి త్వరగా ఖర్చవుతుంది.

నీటి నడక

ఢిల్లీలో ఏటా సగటున సుమారు 770 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో దాదాపు మూడు వంతుల నీరు మూడు నెలల్లోనే వస్తుంది. ఎండకు ఆవిరై పోగల నీటి పరిమాణం ఏడాది మొత్తం మీద వానకంటే చాలా ఎక్కువ. అంటే ఈ నేల సంవత్సరంలో కొంతకాలం మునుగుతుంది, ఎక్కువకాలం దప్పికతో ఉంటుంది.

బంకమన్నులో ఖాళీలు ఎక్కువే, కాని ప్రతి ఖాళీ అతి సన్నం. అందువల్ల ఇసుకనేల కంటే ఎక్కువ నీరు పట్టినా, ఆ నీటిని కిందికి వదలడానికి చాలా సమయం తీసుకుంటుంది. నానిన బంకలో నీరు దిగే వేగం గంటకు కొద్ది మిల్లీమీటర్లకు మించదు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు అంతా పైనే నిలుస్తుంది. మొదటి వానలకు మాత్రం వేసవి బీటల్లోంచి నీరు గబగబా లోపలికి జారుతుంది. కొన్ని రోజుల్లో బంక ఉబ్బి బీటలు మూసుకోగానే ఆ దారి కట్టుబడుతుంది. ట్రాక్టర్లు, పశువులు తడి నేలను తొక్కితే పైపొర కింద మరో గట్టి పలక ఏర్పడి పరిస్థితి ఇంకా బిగుస్తుంది.

నేల రంగుల్లో నీటి జాడ

ఒక పల్లపు వనంలో మీటరు లోతు గుంట తవ్వితే ఈ నేల చరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. పైన రాలిన ఆకుల పలుచని పొర. దాని కింద ఒక జానెడు ముదురు గోధుమ బూడిద రంగు మట్టి, అందులో సన్నని వేళ్ళు కిక్కిరిసి ఉంటాయి. ఆ కింద మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. మధ్యమధ్య తుప్పు రంగు మచ్చలు, చచ్చిపోయిన వేళ్ళు వదిలిన గొట్టాల చుట్టూ నారింజ రంగు గీతలు ఉంటాయి. నల్లని మాంగనీసు చుక్కలు, ఆవగింజ నుంచి శనగగింజ దాకా ఉండే ఇనుప గుళికలు చేతికి తగులుతాయి. ఇంకా కిందికి వెళితే తెల్లని సున్నపు కంకర.

ఈ రంగుల వెనుక ఉన్నది ఇనుము. నీరు ఖాళీలన్నిటినీ నింపితే గాలి లోపలికి రాలేదు. నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే సుమారు 10 వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఉన్న ఆక్సిజన్‌ను వాడేశాక సూక్ష్మజీవులు ముందు నైట్రేట్‌ను, ఆ తర్వాత మాంగనీసును, ఇనుమును వాడుకుంటాయి. ఇనుము కరిగే రూపానికి మారి కదిలిపోగానే మట్టి ఎరుపు, గోధుమ వన్నెలు పోగొట్టుకొని బూడిద రంగు తేలుతుంది. నీరు తగ్గి గాలి దూరినచోట అదే ఇనుము మళ్ళీ తుప్పుగా గడ్డకడుతుంది. ఇంకా ఎక్కువ కాలం మునిగితే గంధకపు వాయువు కుళ్ళిన గుడ్డు వాసనగా బయటపడుతుంది, మీథేన్ పుడుతుంది.

నీరు లేని మే నెలలో కూడా ఈ మచ్చలు చెరగవు. అందుకే మృత్తికా శాస్త్రజ్ఞులు ప్రామాణిక రంగుల పట్టికతో మట్టిని పోల్చి, బూడిద రంగు ఎంత లోతులో మొదలైందో చూసి, నీటిమట్టం ఎక్కడిదాకా ఎక్కుతుందో చెప్పగలరు.

సున్నం, ఉప్పు, చౌడు

ఒహాయో వానలు అక్కడి టిల్ పైపొరల్లోని సున్నాన్ని కడిగేశాయి. ఢిల్లీ వాన అందుకు చాలదు. నీటితో కొంత దిగిన సున్నం ఎండలకు అక్కడే గడ్డకట్టి కంకరగా మారుతుంది. బాంగర్ నేలల్లో ఈ కంకర కొన్నిచోట్ల పలకలా పేర్చినట్టు గట్టిపడి, వేళ్ళకూ నీటికీ అడ్డుగోడ అవుతుంది. కంకరను తవ్వి కాల్చి సున్నం చేయడం, రోడ్లకు పరవడం ఇక్కడ పాత పద్ధతులు.

పారుదల లేని పల్లంలో చేరిన నీరు ఆవిరైపోతే మిగిలేది ఉప్పు. సోడియం ఎక్కువైతే బంకరేణువులు విడిపోయి ఖాళీలను పూడ్చేస్తాయి. నేల చౌడెక్కుతుంది. పీహెచ్ 8.5 దాటుతుంది. తెల్లగా పూసే ఉప్పును ఉత్తరాదిలో రేహ్ అంటారు. 19వ శతాబ్దంలో సుల్తాన్‌పూర్ ప్రాంతపు ఉప్పునీటి బావుల నుంచి తిండి ఉప్పు తీసేవారు. ఆ ప్రాంతపు నేల ఎంతటి ఉప్పును కూడబెట్టిందో దాన్ని బట్టి తెలుస్తుంది.

అడవి

1968లో చాంపియన్, సేథ్ రూపొందించిన భారత అటవీ వర్గీకరణ, వాతావరణం కంటే నేల ప్రభావమే ఎక్కువగా ఉన్న వనాలను వేరుగా గుర్తించింది. మోదుగ వనం, నల్లతుమ్మ వనం, చౌడు నేలల పొదల వనం ఆ కోవలోవే. ఆరావళి రాతి మీద పెరిగే ధౌ చెట్ల వనం కూడా నేల వల్ల ఏర్పడినదే, కాకపోతే అక్కడ నీరు నిలవదు. గురుగ్రామ్ పక్కన మాంగర్ బనీ ధౌ వనానికి మంచి ఉదాహరణ.

బంకనేలలో తట్టుకునే చెట్లు వేళ్ళను పైపొరలోనే పరుస్తాయి. తెల్లమద్ది, నేరేడు, నల్లతుమ్మ, మోదుగ ఈ పల్లాలకు తగినవి. ముంపు వేళ కొన్ని చెట్లు కాండం మొదట్లో కొత్త వేళ్ళు పుట్టిస్తాయి. బెరడులోని గాలి రంధ్రాలు ఉబ్బి, నీటిపైనున్న గాలిని లోపలికి అందిస్తాయి. నీటి అంచున రెల్లు, జమ్ము పెరిగి బురదను కదలనివ్వవు. జమ్ము తన బోలు కాండం గుండా వేళ్ళకు గాలి పంపి, ఆ వేళ్ళ చుట్టూ తుప్పు పూత ఏర్పరుస్తుంది. గుంటలో కనిపించే నారింజ గీతల్లో కొన్ని ఇలా వచ్చినవే.

శిశు చెట్టు, అంటే ఉత్తరాది షీషం, నది పక్కన నీరు దిగిపోయే ఇసుకలో బాగా పెరుగుతుంది. అదే చెట్టును బంకపల్లంలో నాటితే వేళ్ళు ఊపిరాడక బలహీనపడి, శిలీంధ్రానికి లొంగి ఎండిపోతుంది. నది ఒడ్డు చెట్టు కదా అని ఖాదర్ అంతా ఒకే జాతిని నాటడం అందువల్ల తప్పు. చెట్టును ఎంచేది నదికున్న దూరాన్ని చూసి కాదు, గుంటలోని మట్టి రంగును చూసి.

ఈ వనాలు ఆకు బాగా రాల్చినా నేలలో సేంద్రియ కార్బనం తక్కువే. ఉత్తర దేశాల చల్లని బురద అడవుల్లో ఆకు ఏళ్ళ తరబడి పేరుకుని నల్లని పొర అవుతుంది. ఢిల్లీ ఎండకు అది ఒకటి రెండు కాలాల్లోనే అరిగిపోతుంది. ఏడాదంతా తడి ఉండే జమ్ము గుంటల్లో మాత్రం కొంత నిలుస్తుంది.

కాలువలు, జ్వరాలు, మురుగు

14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తవ్వించిన పడమటి యమునా కాలువ షాజహాన్ కాలంలో ఢిల్లీ దాకా వచ్చింది, తర్వాత పూడిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం 1820 నాటికి దాన్ని మళ్ళీ ఢిల్లీ దాకా పారించింది. ఆ పాత దారి చాలాచోట్ల పల్లాల వెంటే సాగేది. కాలువ గట్లు సహజంగా పారే వాననీటికి అడ్డుపడ్డాయి, ఊట పెరిగింది, రేహ్ పరుచుకుంది.

కరనాల్ ప్రాంతంలో జ్వరాలు ముదిరాక బేకర్, డెంప్‌స్టర్, యూల్ సభ్యులుగా ఒక కమిటీ వేశారు. దాని నివేదిక 1847లో వెలువడింది. వారు ఊరూరా పిల్లల పొట్ట తడిమి ప్లీహం ఉబ్బిందా అని చూశారు. ఆ ఊరి మట్టి, నీటి పారుదల ఎలా ఉన్నాయో పక్కనే నమోదు చేశారు. గట్టి బంకనేల, అడ్డుపడిన పారుదల ఉన్న ఊళ్ళలో జ్వరం ఎక్కువని తేలింది. మలేరియాలో దోమ పాత్రను రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో నిరూపించడానికి 50 ఏళ్ళ ముందు జరిగిన పరిశీలన ఇది. నేల లక్షణాన్ని ప్రజారోగ్యంతో ముడిపెట్టి గ్రామం వారీగా కొలిచిన తొలి ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనది. తర్వాతి దశాబ్దాల్లో కాలువను మెరక మీదికి మళ్ళించి, మురుగు కాలువలు తవ్వారు.

నజఫ్‌గఢ్ పల్లంలో సాహిబీ నీటితో నిండే విశాలమైన చెరువు ఉండేది. దాన్ని యమునలోకి వదలడానికి 19వ శతాబ్దంలోనే కాలువ తవ్వారు. 1964 వరదల తర్వాత కాలువను వెడల్పు చేశారు. చెరువు చాలావరకు ఎండింది, పొలాలూ కాలనీలూ వచ్చాయి. ఆ నీటిదారే నేడు నగర మురుగును యమునకు చేర్చే నజఫ్‌గఢ్ కాలువ. చెరువు పోయినా చెరువడుగు బంక అలాగే ఉంది. అందుకే అక్కడ వాన గట్టిగా పడినప్పుడల్లా నీరు పాత చోటే నిలుస్తుంది. 2023 జూలై 13న యమున ఢిల్లీలో 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. వరద తీశాక ఖాదర్ గుంటల్లో మిగిలినది సరికొత్త బంకపొర.

పునరుద్ధరణ, వినియోగం

చౌడెక్కిన బంకనేలల మీద దేశంలో అత్యధిక అనుభవం కరనాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థది. 1969లో ఏర్పడిన ఈ సంస్థ జిప్సంతో చౌడు విరవడాన్ని రైతుల పొలాల్లోకి తెచ్చింది. చెట్ల కోసం దాని పద్ధతి తెలివైనది. ట్రాక్టరుకు బిగించిన బర్మాతో మీటరుకు పైగా లోతున సన్నని గుంట తోడతారు. కంకర పలకను అక్కడ మాత్రమే చీలుస్తారు. తోడిన మట్టికి జిప్సం, పశువుల ఎరువు కలిపి గుంట నింపి మొక్క నాటుతారు. వేరు చౌడు పొరను దాటి మంచి మట్టిని, తేమను అందుకుంటుంది. ఎకరమంతా బాగు చేయనక్కరలేకుండా చెట్టు నిలుస్తుంది. ఊట ఎక్కువైన చోట జామాయిల్ వంటి నీరు తాగే చెట్లను వరుసలుగా నాటి నీటిమట్టం తగ్గించడం మరో మార్గం.

వజీరాబాద్ సమీపంలోని యమునా జీవవైవిధ్య ఉద్యానం వేరే దారి పట్టింది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయం కలిసి ఉప్పు పేరుకున్న 457 ఎకరాల ఖాదర్ భూమిలో నీటిగుంటలను, వాటి చుట్టూ స్థానిక జాతుల వనాలను తిరిగి ఏర్పరిచాయి. పల్లాన్ని పూడ్చకుండా నీటికి వదిలి, మెరకను చెట్లకు ఇవ్వడం ఇక్కడి సూత్రం. సూరజ్‌పూర్‌లో సుమారు 300 హెక్టార్ల రిజర్వు అడవి, దాని నడుమ చెరువు, గ్రేటర్ నోయిడా కట్టడాల మధ్య ఇలాగే నిలిచి ఉన్నాయి. సుల్తాన్‌పూర్ చెరువు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2021లో చేరింది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ బంకపల్లంలో ఉన్న కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లో వచ్చింది.

డాబర్ భూమి మీద ఇల్లు కట్టేవారు, చెట్లు నాటేవారు, కాలువ తవ్వేవారు ముందు చేయవలసిన పరీక్షలు తేలికైనవి. తడి మట్టిని బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయాలి. అయిదు సెంటీమీటర్లు దాటినా తెగకపోతే అది బంక. మీటరు గుంటలో బూడిద రంగు జానెడు లోపే మొదలైతే నీరు ఏటా అక్కడిదాకా ఎక్కుతోందని అర్థం. ఎండిన మట్టి మీద తెల్లపూత ఉంటే పీహెచ్ కొలిపించాలి. ఈ మూడు తెలిశాక ఆ చోటు చెరువుకు తగునో, మోదుగకు తగునో, పునాదికి తగునో నిర్ణయించడం సులువు. బంకనేల నీరు పట్టుకోవడం దాని లోపం కాదు, స్వభావం. ఎండగట్టిన నజఫ్‌గఢ్‌కు ముంపు తిరిగి వస్తూనే ఉంది. నీటికి చోటిచ్చిన సూరజ్‌పూర్‌లోనూ యమునా ఉద్యానంలోనూ అదే స్వభావం అడవిని పోషిస్తోంది. రాజధాని ప్రాంతంలో మిగిలిన పల్లాలను పూడ్చకముందే అక్కడొక గుంట తవ్వి మట్టి రంగు చూడడం ప్రణాళికలో మొదటి పని కావాలి.